సికింద్రాబాదు నుంచి సియాచిన్ దాకా: మంచు దారిలో బరువు మోసిన రెక్కలు

యుద్ధ విమానాల మీద పుస్తకాలు చాలా వచ్చాయి. శత్రు విమానాన్ని కూల్చిన వీరుడి పేరు బడిపిల్లలకు కూడా తెలుస్తుంది. అదే యుద్ధంలో బియ్యం బస్తాలు, కిరసనాయిలు డబ్బాలు, మందుల పెట్టెలు మోసి, తిరుగు ప్రయాణంలో గాయపడిన జవాన్లను దించిన పైలట్ పేరు మాత్రం చాలామందికి తెలియదు. దఫ్తర్లలో, స్టోర్సులో, రవాణా విభాగాలలో ముప్ఫయ్యేసి ఏళ్ళు పనిచేసి వచ్చిన మన సభ్యులకు ఈ తేడా ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. సరుకు వేళకు చేరితే దాన్ని పంపినవాడు ఎవరికీ గుర్తుకు రాడు. చేరని రోజున మాత్రం అందరూ అతన్నే వెతుకుతారు.

ఈ ప్రత్యేక సంచిక కోసం అలాంటి ఒక ఉద్యోగ జీవితాన్ని, దాని వెనుక ఉన్న చరిత్రను సభ్యుల ముందు ఉంచుతున్నాను. ఆ ఉద్యోగి ఎయిర్ చీఫ్ మార్షల్ ఫాలీ హోమీ మేజర్ గారు. చరిత్ర ఏమిటంటే, ధ్రువ ప్రాంతాలలోను, వాటికి ఏమాత్రం తీసిపోని మన హిమాలయ మంచుపొలాలలోను విమానాలు బరువులు మోయడం నేర్చుకున్న కథ. రోహిణి కార్తె ఎండలో మిర్చి కల్లాల మధ్య పెరిగిన మన పల్నాటివాళ్ళకు మైనస్ 50 డిగ్రీల చలి ఊహకు అందేది కాదు. కానీ బరువు, బస్తా, బాడుగ లెక్కలు మనకు బాగా తెలుసు. అందుచేత ఈ కథను ఆ లెక్కల్లోనే చెబుతాను.

జంటనగరాల నుంచి ఇద్దరు దళాధిపతులు

హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాలు భారత వైమానిక దళానికి ఇద్దరు అధిపతులను ఇచ్చాయి. మొదటివారు ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్ గారు. 1923లో హైదరాబాదులో పుట్టి, నిజాం కళాశాలలో చదివి, 1978 నుంచి 1981 వరకు ఆ పదవిలో ఉన్నారు. రెండవవారు ఫాలీ మేజర్ గారు. 1947 మే 29న, అంటే దేశానికి స్వాతంత్ర్యం రావడానికి కొన్ని వారాల ముందు, సికింద్రాబాదులో ఒక పార్సీ కుటుంబంలో జన్మించారు. చదువు అక్కడి వెస్లీ పాఠశాలలో సాగింది. 1967 డిసెంబరు 31న హెలికాప్టరు పైలట్‌గా వైమానిక దళంలో చేరారు.

ఇందులో "హెలికాప్టరు పైలట్‌గా" అన్న మాటే ముఖ్యం. ఆనాటికి మన వైమానిక దళంలో హెలికాప్టరు కొత్త వాహనం. గౌరవమంతా వేగంగా ఎగిరే యుద్ధ విమానాలదే. హెలికాప్టరు నడిపేవారిది మోత పని అనే భావం లోపలా బయటా ఉండేది. ఆ దారిలో వెళ్ళిన అధికారి ఒకనాటికి దళాధిపతి అవుతాడని 1967లో ఎవరైనా అంటే నవ్వి ఉండేవారు. 2007 మార్చి 31న మేజర్ గారు ఆ పదవి స్వీకరించేవరకు హెలికాప్టరు పైలట్ ఎవరూ ఆ పీఠం ఎక్కలేదు. ఈ నలభై ఏళ్ళలో మారింది ఒక మనిషి హోదా ఒక్కటే కాదు. బరువు మోసేవాడు లేకపోతే తుపాకి పట్టినవాడు నిలవలేడని ఒక వ్యవస్థ నెమ్మదిగా ఒప్పుకున్నది. అలా ఒప్పించిన చోట్లలో మొదటిది మంచు.

ఒకే రకం విమానం, రెండు మంచు నేలలు

ఈ కథకు మూలపురుషుడని చెప్పదగిన విమానం డకోటా. రెండు ఇంజన్ల ఈ విమానాన్ని మన పాతతరం వారు ఎరుగుదురు. నిజాం కాలంలో బేగంపేట నుంచి నడిచిన డెక్కన్ ఎయిర్‌వేస్ వారివి కూడా డకోటాలే.

1948 మే నెలలో లద్దాఖ్ రాజధాని లేహ్ పట్టణం ముట్టడిలో పడేటట్లు ఉన్నది. రోడ్డు లేదు. కాలినడకన బలగాలు చేరేలోగా ఊరు పోతుంది. సోనమ్ నోర్బూ అనే లద్దాఖీ ఇంజనీరు స్థానికుల సాయంతో సింధు నది ఒడ్డున ఇసుక నేలను చదును చేసి విమానం దిగేందుకు వీలు కల్పించారు. మే 24న ఎయిర్ కమొడోర్ మెహర్ సింగ్ గారు జనరల్ తిమ్మయ్య గారిని వెంటబెట్టుకొని శ్రీనగర్ నుంచి డకోటాలో బయలుదేరారు. దారి గుర్తించిన మ్యాపులు లేవు. దారిలోని శిఖరాలు ఆ విమానం హాయిగా ఎగరగలిగే ఎత్తును మించినవి. జోజిలా, ఫోటులా కనుమల గుండా దూరి వెళ్ళి, సముద్రమట్టానికి పదివేల అడుగుల పైన ఉన్న ఆ ఇసుక నేల మీద దిగారు. ఆ తర్వాత వరుసగా వచ్చిన డకోటాలు జవాన్లను, సరుకులను దించాయి. లేహ్ నిలిచింది.

ఎనిమిదేళ్ళ తరువాత అదే రకం విమానం భూగోళం అడుగున దిగింది. 1956 అక్టోబరు 31న అమెరికా నౌకాదళ పైలట్ కాన్రాడ్ షిన్ నడిపిన డకోటా దక్షిణ ధ్రువం మీద దిగిన మొదటి విమానం. చక్రాలకు తోడు స్కీలు, అంటే మంచు మీద జారే పొడవాటి పట్టీలు, అమర్చి ఉన్నాయి. అడ్మిరల్ జార్జి డ్యూఫెక్ కిందికి దిగి జెండా పాతారు. ఉష్ణోగ్రత మైనస్ 50 డిగ్రీలు. ఇంజన్లు ఆపకుండా 49 నిమిషాలు అక్కడ నిలిచారు. తీరా బయలుదేరబోతే విమానం కదలలేదు. స్కీలు మంచుకు అతుక్కుపోయాయి. పక్కలకు బిగించిన రాకెట్లను వెలిగించి, ఉన్న పదిహేనూ ఖర్చు చేస్తేగాని విమానం నేల వదలలేదు.

ఈ రెండు ప్రయాణాలలో మంచు దారి పాఠాలన్నీ ఉన్నాయి. ఎత్తయిన చోట గాలి పలచన, కాబట్టి బరువు తగ్గించుకోవాలి. చలిలో ఇంజను ఆపితే మళ్ళీ రాజుకోకపోవచ్చు, కాబట్టి ఆపకూడదు. దిగడం ఎంత కష్టమో, తిరిగి లేవడం అంతకంటె కష్టం. ఈ మూడింటినీ ఆ తరువాత వచ్చిన ప్రతి పైలటూ తన వంతుగా నేర్చుకోవలసి వచ్చింది.

ధ్రువంలో దిక్కు తెలియదు

దక్షిణ ధ్రువ ఖండం మీద మొదటి విమానం ఎగిరినది 1928 నవంబరులో. నడిపించినవారు సర్ హ్యూబర్ట్ విల్కిన్స్ బృందం. మరుసటి ఏడు నవంబరు 28, 29 తేదీలలో అమెరికా నౌకాదళ అధికారి రిచర్డ్ బర్డ్ ధ్రువం మీదుగా ఎగిరి వచ్చారు. వారు ఎదుర్కొన్న చిక్కులు చలితో ఆగలేదు.

మొదటి చిక్కు దిక్కులది. ధ్రువాల దగ్గర అయస్కాంత సూచిక నమ్మదగింది కాదు. ఉత్తరానికి తిరగవలసిన ముల్లు తూలుతుంది. అదీకాక రేఖాంశాలన్నీ అక్కడ ఒకచోటికి చేరతాయి. దక్షిణ ధ్రువం మీద నిలబడితే ఎటు చూసినా ఉత్తరమే. అందుకని తొలినాటి పైలట్లు సూర్యుని నీడను బట్టి దారి కనుక్కునే సాధనాలు వాడారు. తరువాత మ్యాపు మీద చదరపు గళ్ళు గీసి, ఆ గళ్ళను బట్టి దిక్కులు నిర్ణయించే పద్ధతి వచ్చింది. ఉపగ్రహాల సాయంతో తానున్న చోటు తెలుసుకునే సదుపాయం చాలా తరువాతి మాట.

రెండవ చిక్కు కంటిది. ఆకాశమంతా మబ్బు కమ్మి, కింద నేలంతా మంచుతో తెల్లబడినప్పుడు వెలుతురు అన్నివైపులా ఒకే తీరుగా చెదిరిపోతుంది. నీడలు ఉండవు. నేల ఎక్కడ ముగిసిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. పాలగిన్నెలో పడ్డ ఈగ పరిస్థితి అనుకోండి. పైలట్ కళ్ళు తెరుచుకొని, అంతా బాగానే ఉందనుకుంటూ కొండను ఢీకొట్టగలడు.

అటువంటిది 1979 నవంబరు 28న జరిగింది. అంటార్కిటికాను ఆకాశం నుంచి చూపించి తెచ్చే విహారయాత్రకు బయలుదేరిన ఎయిర్ న్యూజీలాండ్ విమానం ఎరెబస్ పర్వతాన్ని ఢీకొన్నది. 257 మంది చనిపోయారు. మొదటి నివేదిక తప్పును పైలట్ మీద పెట్టింది. 1981లో జస్టిస్ మాహన్ విచారణ అసలు సంగతి బయటపెట్టింది. విమానం వెళ్ళవలసిన దారిని తెలిపే అంకెలను బయలుదేరే కొద్ది గంటల ముందు కార్యాలయంలో మార్చారు. మార్చిన సంగతి పైలట్లకు చెప్పలేదు. వారు సముద్రం మీదుగా వెళ్తున్నామనుకున్నారు. విమానం కొండ మీదికి వెళ్తున్నది. తెల్లటి మంచులో కొండ కనబడలేదు. సరిగ్గా నలభై ఏళ్ళకు, 2019లో, న్యూజీలాండ్ ప్రధానమంత్రి ఆ కుటుంబాలకు ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు.

దఫ్తరులో పనిచేసిన మనకు ఈ సంఘటన వింటే ఒళ్ళు జలదరిస్తుంది. ఫైలులో ఒక అంకె దిద్దడం, దిద్దినట్లు అవతలివారికి తెలియజేయకపోవడం మనం చూడని విషయం కాదు. మన దగ్గర దానివల్ల ఒకరి పింఛను ఆరు నెలలు ఆగుతుంది. ధ్రువంలో అది 257 ప్రాణాలు తీసింది.

భారతదేశం ధ్రువానికి వెళ్ళిన తీరు

డాక్టర్ ఎస్.జెడ్. ఖాసిం గారి నాయకత్వంలో 21 మందితో మన మొదటి అంటార్కిటికా యాత్రాబృందం 1981 డిసెంబరు 6న గోవా నుంచి 'పోలార్ సర్కిల్' అనే నార్వే ఓడలో బయలుదేరి, 1982 జనవరి 9న ఆ ఖండం మీద కాలుపెట్టింది. ఓడ మంచు అంచు దాకా మాత్రమే పోగలదు. అక్కడి నుంచి మనుషులను, సామానును లోపలికి చేర్చే భారం మన నౌకాదళ హెలికాప్టర్ల మీద పడింది.

1983 ఆగస్టు 19న భారతదేశం అంటార్కిటికా ఒడంబడికలో చేరింది. అదే ఏడాది చివర మూడవ యాత్ర 81 మందితో 'ఫిన్‌పోలారిస్' ఓడలో బయలుదేరింది. నాయకులు డాక్టర్ హర్ష కె. గుప్తా గారు. తరువాతి కాలంలో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థకు డైరెక్టరుగా పనిచేసినవారు వీరే. 'దక్షిణ గంగోత్రి' అనే శాశ్వత కేంద్రాన్ని ఒక్క వేసవిలో కట్టి, 12 మందిని అక్కడ చలికాలానికి నిలిపి రావడం ఆ యాత్ర లక్ష్యం. అక్కడి వేసవి అంటే మహా అయితే రెండున్నర నెలలు. ఆలోగా ఓడ నుంచి కట్టడం సామాను, ఇంధనం, ఏడాదికి సరిపడా తిండి లోపలికి చేరకపోతే కేంద్రం లేదు. వాతావరణం అనుకూలించిన గంటల్లో హెలికాప్టర్లు ఆగకుండా తిరిగి ఆ పని చేశాయి. కేంద్రం లేచింది. మంచులో కూరుకుపోతూ వచ్చినందున 1990లో దక్షిణ గంగోత్రిని వదిలిపెట్టారు. అప్పటికే 1989లో రాతినేల మీద 'మైత్రి' వచ్చింది. 2012లో 'భారతి' వచ్చింది.

2000 తర్వాతి సంవత్సరాలలో ఇంకొక మార్పు వచ్చింది. పదకొండు దేశాలు కలిసి దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నుంచి విమానాలు నడిపే ఏర్పాటు చేసుకున్నాయి. అందులో భారతదేశం ఒకటి. మైత్రికి సమీపాన రష్యావారి నోవోలాజరెవ్‌స్కాయా కేంద్రం దగ్గర గట్టిపడిన నీలిమంచునే చదును చేసి రన్‌వేగా మార్చారు. ఓడలో వారాలు పట్టే ప్రయాణం ఐఎల్-76 విమానంలో సుమారు ఆరు గంటలకు తగ్గింది. అయితే వాతావరణ నివేదిక బాగుంటేనే విమానం లేస్తుంది. కేప్‌టౌన్‌లో పెట్టెలు సర్దుకొని రోజుల తరబడి ఎదురుచూడడం అక్కడ మామూలు సంగతి.

మూడవ ధ్రువం

హిమాలయ, కారకోరం మంచు రాశులకు మూడవ ధ్రువమని పేరు. అందులో సియాచిన్ హిమానీనదం సుమారు 75 కిలోమీటర్ల పొడవు. ఇది ధ్రువం దగ్గరలేదు. చలి దీనికి ఎత్తు వల్ల వచ్చింది. ఈ భేదం పైలట్‌కు చాలా ముఖ్యం. అంటార్కిటికా తీరంలో మంచు ఉన్నా అది సముద్రమట్టానికి దగ్గర. గాలి చిక్కగా ఉంటుంది. సియాచిన్‌లో చలికి చలీ ఉన్నది, 20,000 అడుగుల ఎత్తులో గాలి సాంద్రత కింద ఉన్నదానిలో సగానికి కాస్త పైన మాత్రమే. రెక్క తిరిగినా దానికి ఆనుకునే గాలి లేదు. ఇంజనుకు పీల్చుకునే గాలీ లేదు.

1984 ఏప్రిల్ 13న, బైశాఖి పండుగనాడు, 'ఆపరేషన్ మేఘదూత్' ఆరంభమైంది. కెప్టెన్ సంజయ్ కులకర్ణి నాయకత్వాన నాలుగవ కుమావూన్ బెటాలియను జవాన్లను చీతా హెలికాప్టర్లు బిలాఫోండ్ లా కనుమ దగ్గర దించాయి. ఆ వెంటనే మంచు తుపాను కమ్ముకున్నది. ఆనాటినుంచి ఇప్పటివరకు ఆ హిమానీనదం మీద జవాన్లు ఉన్నారు. వారికి తిండి, నిప్పు, మందు, ఉత్తరం అన్నీ ఆకాశమార్గాన వెళ్ళినవే ఎక్కువ. 2003 నవంబరులో కాల్పుల విరమణ వచ్చింది. ఫిరంగులు ఆగాయిగాని చలి, గాలి, మంచుపెళ్ళలు ఆగలేదు.

ఇప్పుడు బరువు లెక్కకు వద్దాం. ఐఎల్-76 విమానం 40 టన్నులకు పైగా మోస్తుంది. అది లేహ్ లేక థోయిస్ వరకు. ఏఎన్-32 విమానం 6.7 టన్నులు మోస్తుంది. ఎంఐ-17 హెలికాప్టరు మైదానంలో 4 టన్నులు ఎత్తగలదు, పైకి పోయినకొద్దీ ఆ బరువు తరుగుతుంది. చివరి మెట్టు చీతాది. అతి ఎత్తయిన పోస్టులకు చీతా ఒక్కసారికి మోయగలిగింది 20, 25 కిలోలు. మన సత్తెనపల్లి నుంచి గుంటూరు యార్డుకు వెళ్ళే మిర్చి టిక్కీ ఒక్కటి 40 కిలోలు దాటి తూగుతుంది. అంటే సగం టిక్కీ మోయడానికి ఒక హెలికాప్టరు, ఇద్దరు పైలట్లు వెళ్ళి రావాలి. 170 కిలోల పత్తి బేలు ఒక్కదాన్ని పైకి చేర్చాలంటే ఏడెనిమిది సార్లు తిరగాలి. ఒక ట్రిప్పుకు ఒక కిరసనాయిలు డబ్బా. ఆ డబ్బా లేకపోతే మంచు కరిగి నీళ్ళు కావు, అన్నం ఉడకదు, గుడారంలో వేడి ఉండదు.

చీతా మూలం ఫ్రెంచివారి 'లామా'. మన సేనల హిమాలయ అవసరాలను దృష్టిలో పెట్టుకొని 1960ల చివర రూపొందిన యంత్రం అది. 1972 జూన్ 21న జాన్ బూలే అనే ఫ్రెంచి పైలట్ దానిని 12,442 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్ళి ప్రపంచ రికార్డు స్థాపించారు. దానినే మన బెంగళూరు హెచ్ఏఎల్‌లో తయారుచేసి చీతా అని పేరు పెట్టుకున్నారు. చిన్న యంత్రం, బక్కపలచని తోక, ఒకే ఇంజను. ఆ ఒక్క ఇంజనునే నమ్ముకొని లేహ్‌లోని 114వ హెలికాప్టరు యూనిట్ పైలట్లు దశాబ్దాల తరబడి ఆ పోస్టులకు తిరిగారు.

వారి పని పద్ధతి తెలుసుకోదగింది. తెల్లవారుజామునే బయలుదేరతారు. పొద్దెక్కిన కొద్దీ గాలి వేడెక్కి పలచబడుతుంది, లోయల్లో ఈదురు మొదలవుతుంది. జంటగా వెళ్తారు. ఒకటి పడితే రెండవది చూసి చెప్పాలి గదా. హెలిప్యాడ్ అంటే సిమెంటు వేదిక కాదు. మంచును తొక్కి చదును చేసిన చిన్న జాగా, పక్కనే అగాధం. మంచు మీద ఎత్తు అంచనా చిక్కదు కనుక రంగు డబ్బాలు, గుడ్డలు గుర్తుగా పెడతారు. అక్కడ ఇంజను ఆపరు. రెక్కలు తిరుగుతుండగానే డబ్బా దింపి, జబ్బుపడ్డ జవాను ఉంటే ఎక్కించుకొని వెంటనే తిరుగుతారు. మనిషిని ఎక్కించుకోవలసి ఉన్నప్పుడు ఇంధనం ఎంత ఉంచుకోవాలన్నది బయలుదేరేముందే లెక్క కట్టాలి. ఎక్కువ పోసుకుంటే పైనుంచి లేవలేరు. తక్కువ పోసుకుంటే కిందికి చేరలేరు. గ్లాసెడు నూనెకు కూడా పద్దు రాసే గుమాస్తా తీరు ఇది.

పెద్ద విమానాలకూ ఈ దారి సులువు కాదు. 1968 ఫిబ్రవరి 7న చండీగఢ్ నుంచి 102 మందితో లేహ్‌కు బయలుదేరిన ఏఎన్-12 విమానం వాతావరణం బాగాలేక వెనుదిరిగి, రోహతాంగ్ దరిదాపుల్లో కనబడకుండా పోయింది. ముప్ఫయ్యయిదేళ్ళ తర్వాత 2003లో పర్వతారోహకులకు దాని శిథిలాలు దొరికాయి. 2024లో కూడా అక్కడ మంచులోంచి నలుగురి భౌతికకాయాలు బయటపడ్డాయి. యాభయ్యారేళ్ళు గడిచాయి. అప్పటికి ఎన్ని ఇళ్ళలో ఎదురుచూసేవారు మిగిలి ఉన్నారో మనం ఊహించుకోవలసిందే.

మేజర్ గారి సర్వీసు

ఇటువంటి దళంలో ఫాలీ మేజర్ గారు 7,765 గంటలు ఎగిరారు. శ్రీలంకలో శాంతిసేన ఉన్న రోజులలో యుద్ధరంగంలో హెలికాప్టర్లు నడిపారు. సియాచిన్ ప్రాంతంలో పనిచేశారు. తరువాత లేహ్ వైమానిక స్థావరం బాధ్యత చూశారు. అంటే సరుకు మోసిన మనిషే, తరువాత ఆ సరుకు పంపే కార్యాలయానికి అధికారి అయ్యారన్నమాట. చీతా ఎత్తగలిగేది ఎన్ని కిలోలో ఆయనకు కాగితం చూసి తెలుసుకోవలసిన అవసరం లేదు.

దేశానికి ఆయన పేరు తెలిసింది 1992 అక్టోబరులో. హిమాచల్ ప్రదేశ్‌లోని పర్వానూ దగ్గర టింబర్ ట్రెయిల్ అనే చోట లోయ మీద తీగ దారిలో పోయే తొట్టె ఒకటి, తీగ తెగి మధ్యలో నిలిచిపోయింది. దూకిన ఉద్యోగి చనిపోయాడు. మిగిలిన పదిమంది లోపల ఇరుక్కున్నారు. సార్సావా నుంచి గ్రూప్ కెప్టెన్ మేజర్ గారు ఎంఐ-17తో వచ్చారు. కర్నల్ ఇవాన్ క్రాస్టో తాడు మీద తొట్టె పైకి దిగి, ఒక్కొక్కరినీ తాడుకు కట్టి పైకి పంపారు. పైన తిరిగే రెక్కల గాలికి తొట్టె ఊగుతుంది. రెక్క తీగకు తగిలిందా, అందరూ పోతారు. కొంతమందిని తీసేసరికి చీకటిపడింది. క్రాస్టో గారు ఆ రాత్రి మిగిలినవారితో పాటు తొట్టెలోనే ఉండి ధైర్యం చెప్పారు. తెల్లవారి హెలికాప్టరు మళ్ళీ వచ్చింది. పదిమందీ బ్రతికారు. క్రాస్టో గారికి కీర్తిచక్ర, మేజర్ గారికి శౌర్యచక్ర వచ్చాయి.

ఇది మంచు దేశంలో జరిగింది కాదు. కానీ గాలిలో కదలకుండా యంత్రాన్ని నిలబెట్టి, అవతలి మనిషి పని ముగిసేదాకా ఓపిక పట్టే నైపుణ్యం మంచుపోస్టుల దగ్గర కావలసిన నైపుణ్యమే. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, మూడు దళాల సహాయక చర్యలను సమన్వయపరచిన అధికారి కూడా ఆయనే. ఆ అల మన ప్రకాశం, గుంటూరు తీరగ్రామాలనూ తాకిన సంగతి సభ్యులకు గుర్తే. తూర్పు వైమానిక కమాండుకు అధిపతిగా చేసి, 2007 మార్చి 31 నుంచి 2009 మే 31 వరకు దళాధిపతిగా ఉండి ఉద్యోగ విరమణ చేశారు.

మన ప్రాంతానికీ ఇందులో వాటా ఉన్నది

దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ ఉన్నది. హకీంపేటలో హెలికాప్టరు శిక్షణ పాఠశాల ఉన్నది. సియాచిన్ మీద ఎగిరే కుర్రవాడు మొదట హెలికాప్టరు పగ్గాలు పట్టింది మన తెలుగునేల మీద, మన ఎండలో. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తర్వాత నీళ్ళు చుట్టుముట్టిన ఊళ్ళకు పొట్లాలు విసిరింది కూడా హెలికాప్టర్లే. ఆ రోజుల్లో సహాయ విధులలో పనిచేసిన సభ్యులు మన సంఘాలలో ఇంకా ఉన్నారు. ఆకాశం నుంచి పడే పొట్లం విలువ వారికి తెలుసు.

విషాదంలోనూ వాటా ఉన్నది. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనమ్ పోస్టు మీద మంచు గోడ విరిగిపడి మద్రాసు రెజిమెంటుకు చెందిన పదిమంది కూరుకుపోయారు. వారిలో కర్నూలు జిల్లా పార్నపల్లె యువకుడొకరు. మంచు కోసే యంత్రాలను, వెతికే జాగిలాలను అంత ఎత్తుకు మోసినవి హెలికాప్టర్లే. ఆరు రోజులకు లాన్స్ నాయక్ హనుమంతప్ప ప్రాణంతో దొరికారు. ఆయనను కిందికి, అక్కడినుంచి ఢిల్లీకి విమానంలో చేర్చారు. ఫిబ్రవరి 11న కన్నుమూశారు. మిగిలిన తొమ్మిది మంది భౌతికకాయాలను దించడానికి వాతావరణం రోజుల తరబడి అడ్డుపడింది. పార్నపల్లెలో ఒక కుటుంబం ఆ రోజులన్నీ ఎలా గడిపిందో! సరుకు ఆలస్యమైతే మాట పడవచ్చు. బిడ్డ ఆఖరి ప్రయాణం ఆలస్యమైతే తల్లికి ఏమని చెప్పాలి?

వెనుదిరిగే ధైర్యం

ధ్రువ ప్రాంతాల పైలట్లను గొప్పవారిని చేసింది సాహసం ఒక్కటే అనుకోవడం పొరపాటు. సాహసం అందరికీ ఉంటుంది. మంచు మీద ముసలితనం దాకా బ్రతికిన పైలట్‌కు ఉన్నది ఇంకొకటి. గమ్యం కనుచూపు మేరలో ఉన్నా మబ్బు మూసుకుంటే వెనుదిరగగల నిగ్రహం అది. పైన జవాన్లు కిరసనాయిలు కోసం చూస్తుంటారు. కింద అధికారి ట్రిప్పుల లెక్క అడుగుతాడు. అయినా ఈవేళ కాదు అని చెప్పగలగాలి. 2009 సెప్టెంబరు 2న వర్షంలో బయలుదేరిన ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టరు నల్లమలలో కూలిన దుర్దినం తర్వాత, కొండల మీది మబ్బు ఎంతటిదో మన రాష్ట్రంలో పిల్లలకు కూడా తెలిసింది.

వెనుదిరిగిన పైలట్‌ను నిందించని పై అధికారి ఉంటేనే ఆ నిగ్రహం నిలుస్తుంది. అందుకే, బరువు మోసిన అనుభవం ఉన్న ఒక అధికారి దళాధిపతి కావడం ఒక వ్యక్తికి దక్కిన పదోన్నతిగా మాత్రమే చూడకూడదు. కార్యాలయంలో అంకె మార్చి పైలట్‌కు చెప్పకపోతే ఎరెబస్ జరిగింది. పైలట్ కష్టం ఎరిగినవాడు కార్యాలయంలో ఉంటే, కింది నుంచి వచ్చే "ఈవేళ వీలుపడదు" అన్న మాటకు విలువ ఉంటుంది. ఏ శాఖలోనైనా సరే, క్షేత్రంలో పనిచేసి వచ్చినవాడు బల్ల వెనుక కూర్చుంటే జరిగే మేలు ఇదే.

ఇప్పటికీ తెల్లవారేసరికి లేహ్‌లో, థోయిస్‌లో ఎవరో ఒక పైలట్ తూకం చీటీ చూసుకుంటూ ఉంటాడు. ఇరవై కిలోలా, ఇరవై రెండా అని. ఆ రెండు కిలోలలో పైనున్న జవానుకు ఇంటి నుంచి వచ్చిన పార్సెలు ఉండవచ్చు. సంతకం పెట్టేముందు ఆ రెండు కిలోలను ఉంచాలా, తీసెయ్యాలా అని ఒక్క క్షణం ఆగే ఆ మనిషికి మన సంఘం తరఫున నమస్కారం.